గట్టు వంతు

మార్చి రెండో ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో బుగ్గయ్య వలకు పడినవి: బొచ్చెలు నాలుగు, రవ్వలు ఆరు, బంగారుతీగలు రెండు, తెలుగు సారు ఒకడు. ఆ సారు నేనే.

వల మొదట నా ఎడమకాలి చెప్పును పట్టింది. తర్వాత కాలును పట్టింది. విడిపించుకుందామని వంగితే చేతినీ, చేతి గడియారాన్నీ కలిపి పట్టింది. బుగ్గయ్య కంగారు పడలేదు. వల బరువెక్కితే ఎప్పుడూ ఏం చేస్తాడో అదే చేశాడు, లాగాడు. నేను ఒడ్డుకు చేరేదాకా పెద్ద చేపేదో పడిందని సంబరపడ్డాడట. మత్స్యకారుల సొసైటీలో ఐలేష్ అని ముప్పై అయిదేళ్ల మనిషి ఉన్నాడు. అతను పరుగున వచ్చి నన్ను బోర్లా పడుకోబెట్టాడు. మొప్పల్లో చిక్కిన పోగును ఎట్లా తప్పిస్తారో అట్లా నా చెవి వెనకాల పోగును తప్పించాడు.

"కదలకు సారూ. కదిలితే ఇంక చుట్టుకుంటది."

"కదులుతలేను."

"అన్ని గట్లనే అనుకుంటయి."

ఆదివారం పూట ఇస్త్రీ ప్యాంటు మడిచి, ఫోన్‌ను పాలప్యాకెట్ కవర్లో చుట్టి మెడకు కట్టుకుని నేను చెరువులోకి దిగడానికి కారణం ఉంది. బుగ్గయ్యకు పొడి నేల మీద పాట రాదు. గట్టు మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, బీడీ ముట్టించి అడిగినా రెండు వరసలు అని ఆగిపోతాడు. నీళ్లు నడుము దాటితేనే మూడోది వస్తుంది.

"కింద కాళ్లు సల్లగ కావాలె సారూ. అప్పుడు పైన నోరు తెరుసుకుంటది" అంటాడు.

ఆ పాటను వలతాడు పాట అంటారు. లాగుడు వలకు రెండు కొసలుంటాయి. ఒక కొస పట్టుకుని మొగమనిషి నీళ్లలో వంపుగా చుట్టి వస్తాడు. రెండో కొస తాడు పట్టుకుని ఆడమనిషి గట్టు మీద నిలబడుతుంది. వల సమంగా రావాలంటే ఇద్దరూ ఒకేసారి లాగాలి. పొద్దున పూట మంచులో ఒకరికొకరు కనబడరు. అందుకని నీళ్లలో ఉన్నవాడు ఒక ప్రశ్న అడుగుతాడు. గట్టు మీది మనిషి దానికి జవాబు చెబుతుంది. జవాబులోని ఆఖరి మాట మీద ఇద్దరూ ఒక పట్టు లాగుతారు. ప్రశ్నను నీళ్ల వంతు అంటారు, జవాబును గట్టు వంతు. ప్రశ్నలు మొత్తం నలభై ఒకటి. గంగమ్మ నేల మీదికి దిగిన కథతో మొదలై చెరువులో ఉండే ప్రతి జీవి దగ్గరా ఆగి, దాని సంగతి విచారించి పోతాయి.

*గంగమ్మ తల్లీ, నేల మీద కాలు మోపిననాడు ముందుగాల ఎవ్వరి గడప తొక్కితివే?*

*బొచ్చె చేప మూతి మీదికెందుకు తిరిగెనే?*

*కొర్రమట్ట తన పిల్లలెంట కావలి ఎందుకు తిరిగెనే?*

*ఎండ్రికాయ అడ్డం నడక ఎవ్వరికాడ నేర్చెనే?*

ఈ ప్రశ్నలు తెలిసినవాడు ఇప్పుడు ఈ చెరువు మీద బుగ్గయ్య ఒక్కడే. అరవై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, వేళ్లు మాత్రం పొడుగు. సొసైటీ వాళ్లు ఇచ్చిన నారింజరంగు లైఫ్ జాకెట్‌ను నీళ్లలో ఒక్కనాడూ వేసుకోలేదు. చలికాలం ఇంట్లో వేసుకుని పడుకుంటాడు. "దుప్పటి లెక్క జారిపోదు" అంటాడు.

నా దగ్గరికి ఆయనే వచ్చాడు. పోయిన కార్తీకంలో ఒకరోజు ఇంటర్వెల్ గంట కొట్టాక, ప్లాస్టిక్ సంచిలో బతికున్న కొర్రమట్టతో మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. సంచి చినిగింది. చేప బీరువా కిందికి పోయింది. దాన్ని బయటికి తీయడానికి ఇద్దరు లెక్కల సార్లు, ఒక స్కేలు, పావుగంట పట్టింది. అంతసేపూ బుగ్గయ్య ఏమీ జరగనట్టు తను వచ్చిన పని చెబుతూనే ఉన్నాడు.

"నువ్వు కథలు రాస్తవట గదా సారూ. మాదొకటి పుస్తకం ఎయ్యాలె."

"ఏం కథ కాకా?"

"ఇరవై మూడోది పోయింది."

నాకు అర్థం కాలేదు. పాటలో ఇరవై మూడో ప్రశ్న ఎనిమిది రోజుల పాటు గుర్తుకు రాలేదట. తొమ్మిదో రోజు మెడలోతు నీళ్లలోకి పోయి నిలబడితే దొరికిందట.

"దొరికింది కద కాకా, మరింక ఫికరెందుకు?"

"ఒక్కటి పోయిందంటే పొయ్యే తొవ్వ తెలుసుకున్నట్టే గదా. మిగిలినయి గూడ పోతయి. నేను పోకముందే అవి పోయేటట్టున్నయి."

పుస్తకం వేస్తే ఉంటాయని ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే వెంటనే ఒప్పుకున్నాను. అంతకు కొన్నాళ్ల ముందే ఒక శిక్షణ తరగతిలో, హవాయి అనే దీవుల్లో జనం తమ పాత కథల్నీ, పాటల్నీ, పాత మాటల్నీ పుస్తకాలుగా వేసుకుని కాపాడుకుంటున్నారని విని, అందరితో పాటు నేనూ తలూపి వచ్చాను. బుగ్గయ్యకు ఆ సంగతి చెప్పాను.

"వాళ్లకు చెరువున్నదా?"

"సముద్రం ఉన్నది. సుట్టంత అదే."

"గంత నీళ్లున్నోళ్లకు గూడ మరుపొస్తయా పాటలు?" అన్నాడు. కొంచెం ధైర్యం వచ్చినట్టు కనిపించాడు.

ఆయనకూ భార్య మణెమ్మకూ పెళ్లయిన తొలి రోజుల్లో చెరువులో నీళ్లుండేవి. తర్వాత చాలా ఏళ్లు లేవు. వలను ఇంటి దూలానికి వేలాడదీసి ఇద్దరూ కూలికి పోయారు. మహేశ్వరం వైపు ప్లాట్ల వెంచర్లకు ప్రహరీ గోడలు కట్టారు. బుగ్గయ్య మేస్త్రీ, మణెమ్మ తట్ట అందించేది. ఒక్కగానొక్క కూతురు త్రివేణి హాస్టల్లో చదువుకుంది. కొన్నేళ్ల కింద చెరువు మళ్లీ నిండింది. వల దించారు. రెండేళ్లు ఇద్దరూ కలిసి లాగారు. మూడో ఏడు మణెమ్మకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు దవాఖానలో ఉంది. పదో రోజు బుగ్గయ్య ఒక్కడే బస్సు దిగి, మణెమ్మను ఇంటికి తెచ్చే అంబులెన్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. దారి చూపడానికి ముందు వచ్చాడన్నమాట. అది నాలుగేళ్ల నాటి మాట.

"మరి గన్ని ఏండ్లు నీళ్లు లేవు గదా. పాట ఎట్ల మర్చిపోలేదు కాకా?" అని ఒకసారి అడిగాను.

"గోడ మీద పాడుకునేది. నేను పైన, ఆమె కింద. నేనడగాలె, ఆమె చెప్పాలె, తట్ట పైకి రావాలె."

"అప్పుడు నీళ్లు లేకున్నా నోట్లకెల్లి వచ్చేదా?"

"అప్పుడు ఆమె ఉండె గదా."

ఇప్పుడు మణెమ్మ నిలబడే చోట గట్టు మీద ఒక గడ్డపార పాతాడు. తాడు కొస దానికి కట్టి, విప్పకుండా అట్లాగే ఉంచాడు. నీళ్లలోకి పోయి ప్రశ్న అడుగుతాడు, ఆగుతాడు, లాగుతాడు. గడ్డపార లాగదు కాబట్టి వల ఒక పక్కకు ఒరిగిపోతుంది, అటువైపు చేపలన్నీ దర్జాగా వెళ్లిపోతాయి. ఐలేష్ వాళ్లంతా థర్మాకోల్ తెప్పల మీద లోపలికి పోయి పొడుగు వలలు వేస్తారు. తెప్ప మీద చిన్న స్పీకరు, అందులో సినిమా పాటలు. పోతూ పోతూ ఐలేష్ ఊరుకోడు.

"కాకా, గడ్డపారకు చెవుడున్నదేమో. జర గట్టిగ అడుగు!"

"గడ్డపారనే నయంరా. నీ లెక్క నడిమిట్ల మాట్లాడది."

వలలో పడ్డ నాటి తర్వాత నన్ను నీళ్లలోకి రానివ్వలేదు. గట్టు మీద గడ్డపార పక్కన కూర్చుని, ఫోన్‌ను బుగ్గయ్య మెడకు కట్టి పంపేవాణ్ని. నాలుగు ఆదివారాల్లో నలభై ఒక్క ప్రశ్నలూ వచ్చాయి. ఇంటికి పోయి వింటూ రాసుకుంటుంటే ఒక సంగతి పట్టుకున్నాను. ప్రతి ప్రశ్న తర్వాతా ఆయన ఆగుతున్నాడు. మొదట మతిమరుపు అనుకున్నాను. కానీ ఆ ఆగడం అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. గంగమ్మ గడప తర్వాత పది సెకన్లు. బొచ్చె మూతి తర్వాత ఆరు. ఎండ్రికాయ దగ్గర ఇరవై రెండు. ఇంకో వారం రికార్డు తీసి చూస్తే అక్కడా పది, ఆరు, ఇరవై రెండు.

అంటే ఆయనకు జవాబులన్నీ తెలుసు. గుక్క తప్పకుండా తెలుసు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. సగం పాట పోయిందనుకున్నది మొత్తం ఉన్నట్టే కదా. ఆ ఆదివారం చేపలు బుట్టలో వేస్తున్న మనిషి ముందు గొంతుక్కూర్చుని, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా అన్నాను:

"కాకా, మణెమ్మ చిన్నమ్మ వంతు గూడ నువ్వే అనరాదు? నలభై ఏండ్లు ఇన్నవ్. నువ్వంటే రెండు వంతులు పుస్తకంలకు ఎక్కుతయి."

బుగ్గయ్య నా వంక చూడలేదు. బుట్ట మీద తడిగుడ్డ కప్పాడు.

"ఎండ ముదురుతున్నది సారూ. పాడైతయి" అని లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలు కనబడలేదు. గడ్డపార మాత్రం పాతిన చోటనే ఉంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

"మణెమ్మకు సొంత అక్క ఒకామె కోహెడల ఉంటది, పోశమ్మ. ఆమె గూడ గట్టు మీద నిలబడ్డదే. కాకతోని పనేమున్నది, పోయి ఆమెనడుగు" అని ఐలేష్ ఉపాయం చెప్పాడు. బండి వేసుకుని కోహెడ పోయాను.

పోశమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. ఇంటి ముందు గోనెపట్టా మీద ఎండుచేపలు పరిచి, కాకులు రాకుండా వెదురుకట్టె పట్టుకుని కూర్చుంది. నేను బండి స్టాండు వేయకముందే కట్టె నా వైపు తిప్పింది.

"భూమి అమ్మం."

"భూమి కోసం రాలే పెద్దమ్మా."

"అందరు ముందుగాల గట్లనే అంటరు. చాయ్ తాగినంక బయటపడ్తరు. మార్కెట్ వస్తదంట, రేటు వస్తదంట. పో బిడ్డా."

"పాట కోసం వచ్చిన. వలతాడు పాట."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "బుగ్గయ్య వలల పడ్డది నువ్వేనా?"

ఇబ్రహీంపట్నం నుంచి కోహెడకు నేను రావడానికి ముప్పావుగంట పట్టింది. నా కీర్తి నాకంటే ముందే చేరింది. అవునని ఒప్పుకున్నాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, కూర్చోమని పీట చూపించింది.

"బొచ్చె మూతి మీదికెందుకు తిరిగెనే అని అడిగితే నువ్వేమనేదానివి పెద్దమ్మా?"

ఆమె తడుముకోలేదు. "మొగడు తిట్టిండని మొఖం ఎత్తుకోని కూసున్నది, బతిలాడేటోడు లేక మూతి గట్లనే నిలిచిపాయె."

గబగబా రాసుకున్నాను. "మణెమ్మ చిన్నమ్మ గూడ గిదే అనేదా?"

"ఆమె ఎందుకంటది? ఇది నాది. నా మొగడు తిట్టేటోడు గన్క నేను గట్లన్న. దానిది దానికుంటది. అడుగుడు అందరిది ఒక్కటే బిడ్డా, చెప్పుడు ఎవలది వాళ్లది. పెండ్లైన కొత్తల ఏమి తోస్తే అది అంటం. అదే పడిపోతది. ఇగ సచ్చేదాక అదే."

"మరి ఆమెది ఎవలకు ఎరుక?"

"ఇంకెవలకు, ఇన్నోనికి."

"ఆయన చెప్తలేడు పెద్దమ్మా. అడిగిన కాడికెల్లి నాకు కనబడ్తనే లేడు."

పోశమ్మ కట్టె ఆగింది. ఒక కాకి దిగి, ఒక చేపను ఎన్నుకుని తీసుకుపోయింది. ఆమె పట్టించుకోలేదు.

"ఏమని అడిగినవ్?"

"రెండు వంతులు నువ్వే అను కాకా అని."

"అయ్యో నీ పాడుగాను! సదువుకున్నోనివేనా నువ్వు?"

అప్పుడు చెప్పింది. వల లాగే జంటలో ఒకరు పోతే, పదకొండో రోజు మిగిలినవాళ్లు నీళ్లలో నిలబడి రెండు వంతులూ తామే అంటారు. ఒకే ఒక్కసారి. తమది తమ గొంతుతో, పోయినవాళ్లది కూడా తమ గొంతుతోనే. ఆఖరి మాట అయిపోగానే చేతిలోని తాడును నీళ్లలోకి వదులుతారు. దాన్ని తాడు ఇడుసుడు అంటారు. ఆ తర్వాత ఇక అడిగేది లేదు, ఎదురుచూసేది లేదు. పోయినవాళ్లు పోయినట్టు.

"నా మొగడు పోయిననాడు నేను ఇడిసిన. అందుకే ఇప్పుడు కాకులకు గూడ చెప్పుకుంట కూసుంట, ఏం గాదు. బుగ్గయ్య ఇడువలే. పదకొండోనాడు జరం అన్నడు. నెల మాసికంనాడు నడుం పట్టింది అన్నడు. ఏడాదినాడు తాడు దొర్కలే అన్నడు. పుట్టినకాడికెల్లి తాడు పట్టుకోని తిరిగెటోనికి తాడు దొర్కదా? నాలుగేండ్లాయె. మేమంత ఊకున్నం. నువ్వు పోయి పదకొండోనాడు ఇయ్యాల పెట్టుకో అన్నవ్, ఫోను గూడ పట్టుకోని."

నా చేతిలో నిజంగానే ఫోను ఉంది. జేబులో పెట్టుకున్నాను. చాయ్ తాగకుండా లేస్తే ఆమె ఒప్పుకోలేదు. తాగాను. తాగిన తర్వాత కూడా భూమి సంగతి అడగలేదని కొంచెం గౌరవం చూపించి, నాలుగు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

మర్నాడు సాయంత్రం బుగ్గయ్య ఇంటికి పోయాను. గడపలో కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగు అల్లుకుంటున్నాడు. ఇంట్లో రేడియో లేదు, టీవీ లేదు. గోడకు నారింజ జాకెట్ వేలాడుతోంది, ఎవరో మనిషి నిలబడినట్టు. నేను వచ్చింది చూసి కూడా సూది ఆపలేదు.

"తప్పైంది కాకా. నాకు ఎరుకలే."

"నీకెట్ల ఎరుకైతది. ఏ పుస్తకంల లేదు గదా."

ఎత్తిపొడిచాడో ఓదార్చాడో తెలియలేదు. ఇంకో రెండు వల కన్నులు అల్లాడు. వీధిలో కల్లు ముంతల బండి పోయింది.

"పాతికోటి పోయింది మొన్న" అన్నాడు. "ఇరవై అయిదోది. మల్ల దొర్కలే. నీ ఫోన్ల ఉన్నదా?"

ఫోన్‌లో వెతికి వినిపించాను. తన గొంతు తనే విని తలూపాడు. ఫోన్‌లోని బుగ్గయ్య ప్రశ్న అడిగి ఆగాడు. గడపలోని బుగ్గయ్య కూడా సూది ఆపాడు. ఎనిమిది సెకన్లు. తర్వాత ఇద్దరూ కదిలారు.

"నాయి ఇట్ల పోతుంటే ఆమెయి ఎన్నడు పోతయో ఎరుకలేదు సారూ. అనకుంటే నాతోనే మట్టిల కలుస్తయి. అంటే ఇప్పుడే అయిపోతది. మూడు వారాలు గిదే సోంచాయించిన." దారం పంటితో తెంపాడు. "త్రివేణి గూడ అడుగుతున్నది, అమ్మ పాట పుస్తకంల వస్తదంట గదా బాపూ అని. ఆ పిల్ల ఒక్కనాడు ఇనలే, హాస్టల్ల ఉండె. ఆదివారం రా. అంటా."

ఆదివారం గట్టు మీద మేమిద్దరమే. ఐలేష్‌కు ఎవరు చెప్పారో, ఆ రోజు స్పీకరు లేకుండా, తల తిప్పకుండా తెప్ప వేసుకుని దూరంగా పోయాడు. బుగ్గయ్య గడ్డపారకున్న ముడి విప్పాడు. నాలుగేళ్లుగా బిగుసుకున్న ముడి, పంటితో కూడా పట్టాల్సి వచ్చింది. రెండు కొసలూ తన చేతులకే చుట్టుకుని నీళ్లలోకి నడిచాడు. నడుము దాటాక ఆగాడు.

గంగమ్మ గడప ప్రశ్న అడిగాడు.

నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. నా చేతిలోని ఫోన్‌లో సెకన్లు తిరుగుతున్నాయి, ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో సెకనుకు నోరు మూసుకుని తాడు ఒక పట్టు లాగాడు. రెండో ప్రశ్న అడిగాడు. ఆగాడు. లాగాడు. అట్లా నలభై ఒకటీ అడిగాడు. ఇరవై అయిదోది కూడా వచ్చింది. రెండు కొసలూ ఒక మనిషి చేతిలోనే ఉండేసరికి వల ముద్దయి కాళ్ల దగ్గర పడింది. ఒక్క చేపా పడలేదు.

బయటికి వచ్చి, నీళ్లు కారుతుండగానే తాడు కొసను గడ్డపారకు కట్టాడు. రెండుసార్లు గుంజి చూశాడు. నేను ఫోన్ ఆపేశాను. ఏమీ అడగలేదు. ఆ మాత్రం అప్పటికి నేర్చుకున్నాను.

"నీ పుస్తకంల జాగ ఉంటదా సారూ?" అన్నాడు కాసేపటికి.

"ఎందుకుండదు?"

"అయితే నాయి ఒక దిక్కు ఎయ్యి. రెండో దిక్కు ఆమెకిడువు. ఊకె తెల్లగ ఇడుసుడు కాదు, లెక్క ప్రకారం ఇడువాలె."

అక్కడే కూర్చుని ఒక్కో ప్రశ్నకు ఎన్ని వరసల చోటు వదలాలో చెప్పాడు. మణెమ్మ మాటల్ని లోపల అనుకుంటూ, వేళ్ల మీద లెక్కపెట్టి బయటికి లెక్క మాత్రమే చెప్పాడు. గంగమ్మ గడపకు మూడు. బొచ్చె మూతికి రెండే, "దానికాడ ఆమె సిగ్గుపడి జల్ది ముగిస్తది". కొర్రమట్టకు నాలుగు. ఎండ్రికాయ దగ్గరికి వచ్చేసరికి మనిషి ఒక్కసారిగా నవ్వాడు. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

"దీనికి అయిదు. నేను కల్లు తాగొచ్చిన తెల్లారైతే ఏడు."

"ఎన్ని ఎయ్యమంటవ్?"

"ఏడు ఎయ్యి. అయిదు చాన తక్కువ రోజులు."

ప్రెస్సు రాంచంద్రది. పెళ్లి కార్డులు, వెంచర్ల కరపత్రాలు వేసే చేయి. పేజీలు పెట్టి చూసి పరేషాన్ అయిపోయాడు.

"కుడిదిక్కంత ఖాళీ ఉన్నది సారూ. మ్యాటర్ రాలేదా?"

"గంతే ఉంటది."

"గంత కాగితం దండుగ గదా. ఒక పని చేద్దాం, నాకు ఎరుకైన వెంచరోళ్లున్నరు. ఈ ఏడు గీతల కాడ రెండు వందల గజాలు, కార్నర్ బిట్, మస్తు అందంగ కూసుంటది."

వద్దన్నాను. సరేనన్నాడు. కానీ చేతి అలవాటు ఊరుకోదు కదా, రెండోసారి ప్రూఫు చూస్తే ఖాళీలన్నీ సమంగా సర్ది, అన్నింటికీ మూడేసి వరసలు పెట్టాడు. చూడ్డానికి బాగుంటుందట. నేను స్కేలు పెట్టి ఒక్కొక్కటీ కొలిచి మళ్లీ సరిచేయించాను. ఆ రోజు నుంచి రాంచంద్ర నాతో కొంచెం దూరంగా, జాలిగా మాట్లాడుతున్నాడు.

జూన్ మొదటి వారంలో పుస్తకాలు వచ్చాయి. రెండు వందల ప్రతులు. బుగ్గయ్యకు చదువు రాదు. ఇచ్చిన ప్రతిని తలకిందులుగా పట్టుకున్నాడు, నేను రెండుసార్లు సరిగ్గా తిప్పి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత తనే ఒక దారి కనిపెట్టాడు. ఎడమ పేజీని చేత్తో మూసి, కుడి పేజీలోని తెల్లటి చోట్ల మీద వేలు నడిపించాడు.

"ఇది గంగమ్మ గడప" అన్నాడు.

అది గంగమ్మ గడపే.

"ఇది కొర్రమట్ట. ఇది పాము కుబుసం. ఇగో, ఇది ఎండ్రికాయ."

ఒక్కటీ తప్పలేదు. అచ్చు ఉన్న పేజీ ఒక్కటీ చదవని మనిషి, అచ్చు లేని పేజీలన్నీ వరసగా చదువుకుంటూ పోయాడు. ఒక్కో చోట పెదవులు కదులుతున్నాయి. నేను ఎండ వైపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం బస్సుకు త్రివేణి మహేశ్వరం నుంచి దిగింది. అక్కడ కుట్టుమిషన్ దుకాణం నడుపుతుంది. పుస్తకం వచ్చిందని తెలిసి ఒక జాకెట్టు సగంలో వదిలేసి వచ్చిందట, కొలతటేపు ఇంకా మెడలోనే ఉంది. చెప్పులు విడవకుండానే పుస్తకం అందుకుని నిలబడి చదివింది. ఎడమ పేజీ చదివేది, కుడి పేజీ చూసేది, తిప్పేది. మొదట మెల్లగా, తర్వాత గబగబా. చివరి అట్ట దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చి, కాగితాలు అంటుకున్నాయేమోనని గోటితో గీకి చూసింది. ఆమె వెతుకుతున్నది ఏమిటో నాకు తెలుసు. నేను చెప్పడం బాగుండదు.

"ఏంది బాపూ ఇది?" అంది. కోపం అందామంటే కళ్లల్లో నీళ్లు. "అన్ని నీయే ఏసుకున్నవ్. నలభై ఒక్కసారి నువ్వే మాట్లాడినవ్. మా అమ్మది ఒక్క ముక్కన్న లేకపాయె. ఆమెది గూడ ఏసి అయిపోగొడితే నీదేం పోతుండె?"

బుగ్గయ్య ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఎండ తగలకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాది అడుగుడు అయిపోయింది బిడ్డా, అమ్మ ఇంక చెప్తనే ఉన్నది."